హీరోయిన్ కాదట, అమ్మ వేషాలే కావాలట

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. స్కూలు రోజుల నుంచీ పరిషత్ నాటకాల్లో వేస్తోంది, బహుమతులు కూడా వచ్చాయి. ఇప్పుడు చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్లి సినిమాల్లో, సీరియల్స్‌లో చేస్తానంటోంది. హీరోయిన్ అవ్వాలని లేదట. 'అన్నపూర్ణ గారిలా, రోహిణి గారిలా పెద్దయ్యే దాకా వేషాలు వేస్తా' అంటుంది. వాళ్ల నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఇది ఒక వృత్తిగా నిలబడుతుందా? రేపు పెళ్లి సంబంధాలకి అడ్డం వస్తుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సినిమా పిచ్చి అని నాకు వచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై హీరో, హీరోయిన్ల గురించే. మీ అమ్మాయి అడిగింది వేరు. ఈ దారిలో నిలబడే అవకాశం హీరోయిన్ దారి కంటే ఎక్కువ. కాకపోతే డబ్బు, పేరు రెండూ ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని ఎలా గడుపుతుందన్నదే అసలు ప్రశ్న.

హీరోయిన్‌కి ఎక్కువగా పదేళ్లు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి వయసు పెరిగేకొద్దీ వేషాలు మారతాయి తప్ప ఆగిపోవు. అన్నపూర్ణ గారు నాటకాల నుంచి వచ్చి 1975లో 'స్వర్గం నరకం'లో కథానాయికగా చేశారు. తర్వాత ఎన్నో ఏళ్లు అమ్మ, అటుపైన బామ్మ. 2019లో 'ఎఫ్2'లో జనాన్ని నవ్వించింది కూడా ఆవిడే. షావుకారు జానకి గారైతే రేడియో గొంతుతో మొదలై, 1950లో 'షావుకారు'తో తెరమీదికి వచ్చి, 2023లో 'అన్నీ మంచి శకునములే' దాకా కనిపించారు. ఏ ఉద్యోగంలో ఉంది ఇంత సర్వీసు?

వయసు గురించి ఇంకో మాట. అమ్మ వేషాలకి జుట్టు నెరిసే దాకా ఆగనక్కర్లేదు. సూర్యకాంతం గారు 1924లో పుట్టారు. 1950లో వచ్చిన 'సంసారం'తో గయ్యాళి వేషాలకి ఆవిడే అన్న పేరు పడింది. అప్పటికి ముప్పై కూడా రాలేదు. 'గుండమ్మ కథ' నాటికి నలభై లేవు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున అంతమందీ ఉన్న సినిమాకి పేరు మాత్రం ఆవిడ పాత్రది! ఈ రోజు సీరియల్స్‌లోనూ అంతే, హీరోకి తల్లిగా వేసే ఆవిడకీ ఆ హీరోకీ వయసులో పెద్ద తేడా ఉండదు. 'అత్త వేషం వేస్తే ముద్ర పడిపోతుంది' అని ఎవరైనా భయపెడితే మీ అమ్మాయి భయపడాల్సిన పని లేదు. ఆ ముద్రే తనకి కావలసింది.

ఇప్పుడు రోహిణి గారి సంగతి, ఎందుకంటే మీ అమ్మాయి ఆవిడ పేరు చెప్పడం నాకు నచ్చింది. అనకాపల్లిలో పుట్టారు, చిన్నప్పుడే బాలనటి అయ్యారు, మలయాళంలో హీరోయిన్‌గా చేశారు. వేషాలు తగ్గిన రోజుల్లో ఖాళీగా కూర్చోలేదు, డబ్బింగ్ చెప్పారు. తమిళ 'బొంబాయి'లో మనీషా కొయిరాలా గొంతు ఈవిడదే. తెలుగులో 'స్త్రీ' సినిమాకి జాతీయ పురస్కారాల్లో జ్యూరీ ప్రత్యేక గుర్తింపు దక్కింది. ఆ తర్వాత 'అలా మొదలైంది'లో నాని వాళ్లమ్మ, 'బాహుబలి'లో శివుణ్ని పెంచిన సంగ. పేపర్లు పురస్కారాల గురించి రాస్తాయి, నేను మాత్రం మధ్యలో ఆ డబ్బింగ్ సంవత్సరాలనే చూస్తాను. పరిశ్రమ వదిలిపోకుండా, మనుషులతో పరిచయం తెగకుండా, నెలకి ఎంతో కొంత తెచ్చే పని అది.

అందుకే మీ అమ్మాయికి నా మొదటి సలహా గొంతు గురించే. తెనాలి పిల్ల కాబట్టి ఉచ్చారణకి ఢోకా ఉండదు. ఇప్పటి సీరియల్స్‌లో పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన ఆర్టిస్టులు చాలామంది. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో ముక్కా అందిస్తుంటే అది విని చెబుతారు, తర్వాత వేరే వాళ్లు డబ్బింగ్ చెబుతారు. అలాంటి చోట మేకప్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇచ్చిన రెండు పేజీల డైలాగు షాట్ టైముకి అప్పజెప్పగలిగిన అమ్మాయిని ఎవరూ వదులుకోరు. యూనిట్‌కి టైము కలిసొస్తుంది కదా. నాటకాల్లో పెరిగిన పిల్లకి ఇది చేతనైన పనే. కొత్తగా నేర్చుకోవలసింది గొంతు తగ్గించడం. చివరి వరసకి వినపడేలా చెప్పడం అలవాటైన వాళ్లు కెమెరా ముందు అరిచినట్టుంటారు. ఇంకోటి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మొహం చూపించే రియాక్షన్ షాట్లు. సీరియల్లో సగం పని అదే.

చదువు ఆపడానికి మాత్రం ఒప్పుకోకండి. నీతి బోధగా కాదు, లెక్క ప్రకారం చెబుతున్నాను. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో చేరాలన్నా, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సు చేయాలన్నా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ చదవాలన్నా డిగ్రీ ఉండాలి. ఎన్‌ఎస్‌డీ అయితే నాటకాల్లో వేసిన అనుభవం కూడా అడుగుతుంది. ఆడిన నాటకాల కరపత్రాలు, ప్రశంసా పత్రాలు ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టించండి. ఏ కోర్సూ చేయకుండా పైకొచ్చిన వాళ్లూ చాలామందే, కానీ ఇరవై ఏళ్ల పిల్లకి హైదరాబాద్‌లో మొదటి రెండేళ్లు ఒక హాస్టలు, ఒక గుర్తింపు, తోటివాళ్లు ఉండటం చిన్న విషయం కాదు.

డబ్బు గురించి విప్పి చెబుతాను, వాళ్ల నాన్నగారికి ఇదే కావాలి. పారితోషికం రోజు లెక్క. సీరియల్‌కి నెలలో కొన్ని రోజులు కాల్షీట్ ఉంటుంది, కథలో ఆ పాత్ర ఊరెళితే ఆ నెల ఆదాయం కూడా ఊరెళుతుంది. చెక్కు పని చేసిన నెలలోనే రాదు. చాలాచోట్ల చీరలు, బ్లౌజులు, గాజులు ఆర్టిస్టే తెచ్చుకోవాలి. కొత్తలో చేతికొచ్చిన దానిలో ఒక ముక్క వీటికే పోతుంది. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తారు. రిటర్ను వేస్తే అందులో చాలావరకు వెనక్కి వస్తుంది, చాలామంది కొత్తవాళ్లు వేయరు. బీకాం చదివిన పిల్లకి ఇది చెప్పక్కర్లేదనుకుంటాను. మొదటి చెక్కు నుంచే పీపీఎఫ్ ఖాతా, హెల్త్ ఇన్సూరెన్స్ పెట్టించండి.

మోసాలు రెండు రకాలు. పోర్ట్‌ఫోలియో తీస్తాం, 'మా' (సినిమా నటీనటుల సంఘం) కార్డు ఇప్పిస్తాం, వేషం ఖాయం అని డబ్బు అడిగేవాళ్లు ఒకరు. వేషానికి ఎదురు డబ్బు ఇవ్వడం ఎక్కడా లేదు, ఇవ్వకండి. రెండో రకం గురించి తల్లిగా మీకు తెలుసు. ఆడిషన్ ఆఫీసులో పగటిపూట జరగాలి, మొదట్లో తోడు ఒకరు వెళ్లాలి. హోటల్ గదికి రమ్మంటే వెనక్కి తిరిగి వచ్చేయాలి. పని చోట లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం షూటింగ్ యూనిట్‌కీ వర్తిస్తుంది. ఒప్పుకునే ముందు ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారని అడగడం తప్పేం కాదు. అడిగితే వేషం పోతుందనుకుంటే, అలాంటి చోట పోవడమే నయం.

జూనియర్ ఆర్టిస్టుల గుంపులో మాత్రం మొదలుపెట్టనివ్వకండి. అది మర్యాద తక్కువ పని అని కాదు, అక్కడి నుంచి డైలాగ్ ఉన్న వేషానికి రావడం చాలా కష్టం. సీరియల్లో రెండు మాటలున్న పక్కింటి పిన్ని వేషం దొరికినా దాంతోనే మొదలుపెట్టమనండి. డిగ్రీ అయ్యాక అయిదేళ్లు గడువు పెట్టుకోండి. ఆలోపు డబ్బింగ్, సీరియల్, నాటకం కలిపి తన ఖర్చులు తను పెట్టుకోగలిగితే దారిలో ఉన్నట్టే. లేకపోతే ఎంకాం, బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు.

ఇక పెళ్లి. సూర్యకాంతం గారి భర్త న్యాయమూర్తి. ఇప్పటి సీరియల్ ఆర్టిస్టుల్లోనూ పెళ్లయి, పిల్లల్ని స్కూలుకి పంపి షూటింగ్‌కి వచ్చేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. సంబంధం మాట్లాడేటప్పుడే రాత్రి షూటింగులుంటాయని, పెళ్లయ్యాక కూడా పని చేస్తుందని పెళ్లికొడుకుకి, వాళ్ల అమ్మానాన్నలకి సూటిగా చెప్పండి. 'ముందు ఒప్పుకోనివ్వండి, తర్వాత చూసుకుందాం' అని మధ్యవర్తి అంటే ఆ సంబంధం వద్దు.