నల్గొండ మేడ మీద పెద్ద గంటపువ్వు మొక్క పూస్తుందా?

పెద్ద గంటపువ్వు మొక్క, అంటే కాంపాన్యులా లాటిఫోలియా, విత్తనాలు తెప్పించుకున్నారనీ, మేడ మీద షేడ్ నెట్ కట్టి నీడ కల్పిస్తే ఆ మొక్క నల్గొండలో బతుకుతుందా అనీ అడిగారు. మహబూబ్‌నగర్‌లో రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమైన అనుభవంతో చెబుతున్నాను: మొలిపించడం సాధ్యమే కానీ, పూయించడం సాధ్యం కాదు.

మొదటిసారి కార్తీక మాసంలో చల్లాను. గింజలు చాలా చిన్నవి; మొలవడానికి వాటికి వెలుతురు కావాలి కనుక మట్టి కప్పకుండా పైపైనే చల్లి, తడి ఆరకుండా చూసుకున్నాను. దాదాపు మూడు వారాలకు ఆరు మొక్కలు వచ్చాయి. మాఘం నాటికి ఆకులు నేలకు ఆనుకుని గుత్తిగా విచ్చుకున్నాయి గానీ, మధ్యలోంచి కాడ లేవలేదు. ఎండలు ముదిరాక మొదలు దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే కుళ్లిపోయాయి. వాడిపోతున్నాయనుకుని నీళ్లు ఎక్కువ పోయడం నా పొరపాటు. వేడెక్కిన మట్టిలో నిలిచిన తడి వేరును మరింత త్వరగా చంపింది. మా బోరు నీళ్ల ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకోవడం కూడా మేలు చేసి ఉండదు.

రెండోసారి విత్తనాలను ఫ్రిజ్‌లో ఆరు వారాలు ఉంచి చల్లాను. అక్కడే నా ఆలోచన తప్పింది. గింజకు చూపిన చలి వేరు, ఎదిగిన మొక్క అనుభవించవలసిన చలి వేరు. ఇది బహువార్షికం, పుట్టిన చోట శీతకాలంలో పైభాగం ఎండిపోగా వేరు భూమిలో నెలల తరబడి చలిని భరించి, వసంతంలో కొత్త కాడను లేపుతుంది. మన పుష్యమాసపు చలి దానికి చలే కాదు.

దాని సహజ స్థలాన్ని గుర్తు చేసుకుంటే కారణం తేలికగా బోధపడుతుంది. యూరప్ నుంచి పశ్చిమాసియా మీదుగా కాశ్మీరు వరకు, ఆకురాల్చే చెట్ల అడవుల్లో, వాగుల గట్ల మీద, లోయల వాలుల్లో ఇది పెరుగుతుంది. బ్రిటన్‌లో ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఎక్కువగానూ, దక్షిణాన అరుదుగానూ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి రాలిన ఆకులు కుళ్లి నల్లబడిన, ఎప్పుడూ చెమ్మగా ఉండే సారవంతమైన నేల అది. మీటరుకు పైగా నిటారుగా లేచే కొమ్మల్లేని కాడకు జూలై, ఆగస్టు నెలల్లో నాలుగైదు సెంటీమీటర్ల ఊదా నీలి గంటలు, కొన్నిచోట్ల తెల్లనివి, పూస్తాయి. కాయలు తలవంచి వేలాడుతూ మొదలు వైపున్న రంధ్రాల గుండా విత్తనాలను రాలుస్తాయి.

నీడ ఒక్కటే అయితే మన వేపచెట్టూ ఇస్తుంది. కానీ రోహిణి కార్తెలో రాత్రిపూట కూడా చల్లారని శ్లాబు మీద, కుండీలోని గుప్పెడు మట్టికి అడవి నేల చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? చెలక మట్టిలో నేల మీద నాటినా ఫలితం పెద్దగా మారదు.

నీలి గంటలే మీకు ముఖ్యమైతే థన్‌బెర్జియా ఎరెక్టా నాటండి. అది గంటపువ్వు కుటుంబానికి చెందినది కాదు, పువ్వు గొంతు పసుపు రంగులో ఉంటుంది; అయినా పొదగా పెరిగి మన ఎండను తట్టుకుంటుంది. మా ఇంట్లో ఆ పాత కుండీలో ఇప్పుడున్నది అదే. మీ విత్తనాలను మాత్రం కాశ్మీరులోనో సిమ్లాలోనో ఎరిగినవారు ఉంటే పంపండి. మొదటి ఏడాది ఆకులే వస్తాయనీ, తొందరపడి పీకవద్దనీ వారికి చెప్పండి.