పికప్ అయస్కాంతాల మీద పూత గురించి, మా అమ్మాయికి

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ గిటారు పికప్ (స్ట్రింగుల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) చేయడానికి అయస్కాంత కడ్డీలు, ఫైబర్ పలకలు, తీగ అన్నీ సమకూర్చుకున్నావనీ, అయస్కాంతాలకు ఏ పూత వేయాలో తేలక తీగ చుట్టే మెషిను ముట్టుకోలేదనీ రాశావు. ఆగి మంచి పని చేశావు. కాయిల్ పై చుట్లలో పొరపాటు జరిగితే విప్పి సరిచేసుకోవచ్చు. పూత మాత్రం సుమారు 8,000 చుట్ల అడుగున ఉండిపోతుంది. అక్కడ తప్పు జరిగిందంటే కాయిల్ మొత్తం కోసి పారేయవలసిందే.

పూత ఎందుకు వేస్తామో ముందు మనసులో స్పష్టంగా ఉండాలి. నువ్వు చేస్తున్నది స్ట్రాటోకాస్టర్ గిటారు తరహా సింగిల్ కాయిల్, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్. ఇందులో తీగ చుట్టుకునే ప్లాస్టిక్ బాబిన్ ఉండదు. పైన ఒక పలక, కింద ఒక పలక, మధ్యలో ఆరు ఆల్నికో కడ్డీలు, వాటి మీదే నేరుగా తీగ. ఆల్నికో అంటే ఇనుము, అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. కరెంటు పారుతుంది, తేమ తగిలితే తుప్పు పడుతుంది. నీ 42 గేజ్ తీగలో రాగి మందం 0.063 మిల్లీమీటర్లు. దాని మీద కరెంటును ఆపే ఎనామెల్ పొర మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అంత పలచని పొర గరుకైన లోహాన్ని ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుందని నమ్మకూడదు. రెండు కాయిళ్ల పికప్ అయిన హంబకర్‌లో తీగకూ లోహానికీ మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. ఫెర్రైట్ అయస్కాంతాలలో కరెంటు దాదాపు పారదు, వాటికి తుప్పు పట్టదు.

నేను కొత్తలో చేసిన పికప్ ఒకటి రెండేళ్ల తర్వాత నా బల్ల మీదికి తిరిగి వచ్చింది. శబ్దంలో పై స్వరాల మెరుపు పోయింది. చివరి అయస్కాంతం మీద వేలు పెడితే స్పీకరు బుర్రుమంటోంది. చుట్టిన రోజు 6.1 కిలో ఓములు చూపిన కాయిల్ ఇప్పుడు 5.8 చూపిస్తోంది. భూతద్దం పెట్టుకుని, బ్లేడుతో పొర తరువాత పొర కోసుకుంటూ పోయాను. అన్నిటికంటే లావు స్ట్రింగు కింద ఉండే కడ్డీ అడుగు పలకలోకి దిగే మూలలో ఆవగింజలో సగం లేని తుప్పు మచ్చ కనిపించింది. దాని చుట్టూ నాలుగైదు పొరల రాగి పచ్చబారి ఉంది. కొన్ని చుట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అలా కలిసిన చుట్లు సంఖ్యలో కొద్దివే అయినా పై స్వరాలను మింగేస్తాయి.

పూత వేయలేదా అంటే వేశాను. మంచి లక్కరే (త్వరగా ఆరే వార్నిష్ లాంటిది), రెండు సార్లు. కాకపోతే కడ్డీలకు విడివిడిగా పూత వేసి, ఆరాక పలకల్లోకి నొక్కాను. పలక రంధ్రం బిగుతుగా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ బిగువే పూతను ఒలిచేసి, మూలలో లోహాన్ని బట్టబయలు చేసింది. ఏ పూత మేలని నువ్వు అడిగావు. అంతకంటే ముందు ఆ పూత ఎక్కడ నిలవాలో చూడు. కడ్డీ నడిమి భాగం మీద ఏది పూసినా నిలుస్తుంది. కడ్డీ పలకను కలిసే మూలలో నిలిచేదే అసలైన పూత.

ఇంకొకటి గమనించు. తీగ ఆరు కడ్డీలనూ ఒకేలా నొక్కదు. రెండు చివరల కడ్డీల దగ్గర మలుపు తిరుగుతుంది కనుక లాగుడంతా వాటి మీదే పడుతుంది. మధ్య నాలుగింటినీ పక్క నుంచి అలా తాకుతూ పోతుందంతే. నీ శ్రద్ధలో ముప్పావు వంతు ఆ రెండు కడ్డీలకే ఇవ్వు.

ఇక ఏది వాడాలో చెబుతాను. నా మట్టుకు నేను నైట్రోసెల్యులోజ్ లక్కర్‌నే నమ్ముకున్నాను. పలచగా పాకుతుంది, మూలల్లోకి దిగుతుంది, ఒక పూత మీద ఇంకో పూత వేస్తే కింది పొరతో కరిగి ఒకటైపోతుంది. లక్కతో చేసే షెల్లాక్ కూడా చక్కగా అంటుకుంటుంది, కానీ వేడికి మెత్తబడుతుంది. పికప్‌ను 65 డిగ్రీల మైనంలో ముంచే ఆలోచన ఉంటే దాన్ని వాడకు. ఎపాక్సీ గట్టిది, సందేహం లేదు. అయితే మూలల్లో మందంగా గడ్డకడుతుంది, తప్పు జరిగితే తీయడం నరకం. సూపర్ గ్లూ పెళుసు, పెచ్చులుగా లేచిపోతుంది. నీటితో పలచన చేసే వార్నిష్‌ల జోలికి అసలు వెళ్లకు. ఫైబర్ పలక నీటిని పీల్చుకుని వంకర తిరుగుతుంది, కడ్డీ ఆరేలోపే తుప్పు పడుతుంది. మైనం కూడా పూత కిందికి రాదు. అది చుట్లు కదలకుండా, పికప్ ఈల వేయకుండా ఆపడానికే. తీగ లాగుడుకి మైనం ఇట్టే పక్కకు జరుగుతుంది.

పని ఇలా చెయ్యి. వీలైతే అయస్కాంతశక్తి ఎక్కించని కడ్డీలే తీసుకో, కాయిల్ చుట్టాక ఎక్కించవచ్చు. అప్పటికే శక్తి ఉన్న కడ్డీలైతే బల్ల మీది ఇనుప రజను మొత్తం వాటికి అంటుకుంటుంది. ఆ రజను మీద లక్కర్ పడితే ఒక్కొక్క రేణువూ ముల్లులా నిలబడి పూతను చీల్చుకుని వస్తుంది. బట్టతో తుడిస్తే పోదు, ఒక కొస నుంచి ఇంకో కొసకు జరుగుతుందంతే. జిగురు టేపు ముక్కను నొక్కి ఎత్తు, టేపు శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఎత్తు. పోతపోసిన కడ్డీల ఒంటి మీద ఇసుక గరుకు ఉంటుంది. చివరి రెండు కడ్డీలనూ సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్దు. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి చేతివేళ్ల జిడ్డు వదిలించు. అప్పటి నుంచి వేళ్లతో తాకకు.

కడ్డీలను పలకల్లోకి నొక్కేశాకే పూత. లక్కర్‌ను థిన్నర్‌తో పాలంత పలచన చెయ్యి. పలకలు, కడ్డీలు కలిసిన ఫ్రేమును మొత్తంగా ముంచి, దారంతో వేలాడదీయి. కిందికి జారిన లక్కర్ ఒక పలక మూలల్లో చిన్న చుక్కలుగా నిలుస్తుంది. కాగితం కొసతో తాకితే మిగులు పీల్చుకుంటుంది, కావలసినంత మూలలో ఉంటుంది. మరుసటి పూతకు ఫ్రేమును తలకిందులుగా వేలాడదీయి, అప్పుడు రెండో పలక మూలలు నిండుతాయి. ఇలా నాలుగు పలచని పూతలు చాలు. టంకం వేసే కన్నాలలో లక్కర్ నిండిపోతే పచ్చిగా ఉండగానే పుల్లతో పొడిచేయి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పని చెయ్యి. థిన్నర్ ఆవిరి తలకెక్కుతుంది, చటుక్కున అంటుకుంటుంది కూడా.

తొందరపడి చెడగొట్టుకునేది ఆరబెట్టే దగ్గరే. లక్కర్ పావుగంటలో వేలికి అంటడం మానేస్తుంది, కానీ లోపల థిన్నర్ రోజుల తరబడి ఉంటుంది. ఆ స్థితిలో తీగ చుడితే రెండు నష్టాలు. మెత్తని పూతలోకి తీగ దిగబడుతుంది, లోపలి థిన్నర్ తీగ మీది ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. నేను వారం రోజులు వదిలేస్తాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

ఆరాక చివరి కడ్డీల మీదుగా ఆరింటినీ కలిపి ఒక్క చుట్టు సన్నని పాలిస్టర్ టేపు వేయి, ట్రాన్స్‌ఫార్మర్లకు చుట్టే పసుపు టేపు. పాలిఇమైడ్ టేపు దొరికితే అదీ మంచిదే. వైరింగుకు వాడే నల్ల పీవీసీ టేపు వద్దు, అది మందం, పైగా జిగురు కారుతుంది. కాగితపు టేపు తేమ పీలుస్తుంది. టేపు అంచు అంచుమీద పడే చోటు చివరి కడ్డీ మలుపులో రాకూడదు, పొడవాటి పక్క భాగంలో రావాలి. తీగ ఆ మెట్టు మీది నుంచి దిగేలా ఉండాలి, మెట్టుకు ఎదురు వెళ్లి తట్టుకోకూడదు. టేపు ఎంత జాగ్రత్తగా కోసినా పలకకూ దాని అంచుకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందును కాచేది లక్కర్. నడిమి భాగంలో ఒరిపిడిని ఓర్చుకునేది టేపు. అందుకే రెండూ వేయమంటున్నాను.

టేపు వేస్తే స్వరం మారిపోతుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. లెక్క వేసి చూద్దాం. 0.05 మిల్లీమీటర్ల టేపు ఒక్కొక్క చుట్టు పొడవును 0.3 మిల్లీమీటర్లు పెంచుతుంది. 8,000 చుట్లకు కలిపి రెండున్నర మీటర్లు. ఆ కాయిల్‌లో పట్టే తీగ సుమారు ఒక కిలోమీటరు. 42 గేజ్ తీగకు మీటరుకు 5.4 ఓముల చొప్పున పెరిగేది 13, 14 ఓములు. చేత్తో చుట్టిన రెండు కాయిళ్ల మధ్య తేడాయే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పూతను స్వరం కోసం ఎంచుకోకు, మన్నిక కోసం ఎంచుకో.

అసలు ఫ్రేము ముంచే ముందు పనికిరాని కడ్డీ ఒకదానికి ఇదే పద్ధతిలో పూత వేసి పరీక్షించు. ఒక కొసన లోహం గీకి అక్కడ మల్టీమీటరు ముల్లు ఒకటి ఆనించు. రెండో ముల్లుకు ఉప్పునీటిలో తడిపిన దూది చుట్టి, పూత మీద మెల్లగా నడిపించు. మీటరు అత్యధిక ఓముల స్థాయిలో ఉండాలి. అంకెలు కదిలిన చోట కంటికి కనబడని సూదిబెజ్జం ఉన్నట్టే. మొదటిసారి ఇలా చూసినప్పుడు ఒక పూత వేసిన కడ్డీ మీద ఎన్ని చోట్ల అంకె కదిలిందో చూసి నాకు నోట మాట రాలేదు. నాలుగో పూతకు మీటరు నిశ్చలంగా నిలబడింది.

ఇంకొక జాగ్రత్త. కాయిల్ మొదలు కొసను, అంటే అయస్కాంతాలకు ఆనుకున్న లోపలి కొసను, వీలైనంత వరకు గ్రౌండుకే కలుపు. ఎప్పుడైనా పూత ఓడిపోయినా వేలు పెడితే బుర్రుమనదు. హమ్ (కరెంటు గుయ్యిమనే మోత) తగ్గించడానికి మధ్య పికప్‌ను తిరగేసి చుట్టినప్పుడు కొందరు లోపలి కొసను సిగ్నల్ వెళ్లే హాట్‌కు కలిపేస్తారు. మెషిను తిరిగే దిశనే మార్చి చుడితే ఆ అవసరం రాదు. టెలికాస్టర్ గిటారుకు బ్రిడ్జి (స్ట్రింగులు ఆనే చోటు) దగ్గరి పికప్ చేసే రోజు వస్తే, అడుగున ఉండే లోహపు పలక ఆరు కడ్డీలనూ ఒకటిగా కలిపి గ్రౌండుకు చేర్చగలదని గుర్తుంచుకో. అక్కడ ఒక్క కడ్డీకి లోపలి పొరల్లో ఎక్కడ తీగ తగిలినా అక్కడి వరకూ ఉన్న చుట్లన్నీ పోయినట్టే.

చుట్టడం అయ్యాక కాయిల్ ఒక కొసకూ ఆరు కడ్డీలకూ మధ్య విడివిడిగా మీటరు పెట్టు. కడ్డీ కొసన పూత కాస్త గీకితేనే సరైన రీడింగు వస్తుంది, చూశాక మళ్లీ కాస్త లక్కర్ అద్దు. మైనంలో ముంచి తీశాక, చల్లారాక, ఆరూ మరోసారి చూడు. ఏ ఒక్కటి అంకె చూపినా ఆ పికప్‌ను గిటారుకు ఎక్కించకు, ఉన్నదున్నట్టుగా నాకు పంపు, ఇద్దరం కూర్చుని కోసి చూద్దాం. కాయిల్ ఓములు, ఆరు కడ్డీల రీడింగులు తేదీతో సహా నోటుపుస్తకంలో రాసి, ఆ పేజీ ఫోటో కూడా పంపించు.

ఇట్లు,
మీ బాబాయి