జర్మనీలో షాపు అద్దెకి ఆరు నెలల డిపాజిట్ అడగొచ్చా?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిన్న హోటల్ పెడదామని ఒక షాపు చూసుకున్నాం. అద్దె నెలకు 3,200 యూరోలు, మెయింటెనెన్స్ ఖర్చులు 600, ఆ పైన వ్యాట్. ఓనరు ఆరు నెలల డిపాజిట్ ఒకేసారి కట్టమంటున్నాడు. మేముంటున్న ఫ్లాటుకి మూడు నెలలే తీసుకున్నారు, అదీ మూడు వాయిదాల్లో. అంతకు మించి అడగకూడదని చట్టం ఉంది కదా? షాపులో డ్రైనేజీ బాగోలేదు, అది బాగుచేసేదాకా డిపాజిట్ ఆపొచ్చా?

జవాబు: చట్టం ఉంది గానీ అది మీ ఫ్లాటుకే, షాపుకి కాదు. మూడు నెలల పరిమితి, వాయిదాలు, వడ్డీ, ఓనరు తన సొంత డబ్బుతో కలపకుండా విడి ఖాతాలో ఉంచడం, ఇవన్నీ జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ఇచ్చేవి, ఆ సెక్షన్ నివాసానికి తీసుకున్న ఇళ్లకే వర్తిస్తుంది. షాపులూ ఆఫీసులూ గోడౌన్ల దగ్గరికొచ్చేసరికి అగ్రిమెంటులో ఏం రాసుకుంటే అదే. మరీ అన్యాయమైన మొత్తమైతే కోర్టు కొట్టేయొచ్చు, కానీ ఆరు నెలలంటే ఆ ఆశ పెట్టుకోకండి, మూడు నుంచి ఆరు నెలలు అక్కడ మామూలే.

నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ ఆరు నెలలు దేని మీద లెక్కగట్టారన్నది. ఒట్టి అద్దె మీదైతే 19,200 యూరోలు. మెయింటెనెన్స్, 19 శాతం వ్యాట్ కూడా కలిపితే నెలకు 4,522, ఆరు నెలలకు 27,132. ఒక్క మాట తేడాకి దాదాపు ఎనిమిది వేలు! సంతకం పెట్టకముందే అడిగి రాయించుకోండి, వాయిదాలు కూడా అప్పుడే బేరమాడుకోవాలి.

అంతకన్నా పెద్ద విషయం, ఆ డబ్బు ఎక్కడ ఉంటుందన్నది. విడి ఖాతాలో ఉంచాలని అగ్రిమెంటులో లేకపోతే ఓనరు దాన్ని తన ఖాతాలోనే కలిపేసుకోవచ్చు, రేపు ఆయన దివాలా తీస్తే మీరు మిగతా అప్పులవాళ్లతో పాటు లైన్లో నిలబడాల్సిందే, చేతికి ఎంతొస్తుందో దేవుడికెరుక. అంచేత ఆ క్లాజు కోసం గట్టిగా పట్టుబట్టండి. నగదు బదులు బ్యాంకు గ్యారంటీకి ఒప్పుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుంది, కాకపోతే బ్యాంకు ఏటా ఫీజు తీసుకుంటుంది, పైగా మీ నుంచి ఏదో ఒక హామీ అడుగుతుంది. గ్యారంటీ పత్రంలో ‘అడిగిన వెంటనే చెల్లించాలి’ అని ఉందేమో చూసుకోండి. ఉంటే ఓనరు అడగ్గానే బ్యాంకు కట్టేస్తుంది, మీ గొడవ ఏదైనా ఉంటే తర్వాత పడాలి.

డ్రైనేజీ సాకుతో డిపాజిట్ ఆపడం మాత్రం వద్దు. జర్మనీ ఫెడరల్ కోర్టు 2007లోనే ఇలాంటి కేసులో తేల్చేసింది: లోపాలున్నాయని వ్యాపార అద్దెదారు డిపాజిట్ ఆపలేడు, కట్టకపోతే నోటీసు గడువు లేకుండానే అగ్రిమెంటు రద్దు చేసే హక్కు ఓనరుకి రావచ్చు. డ్రైనేజీ సంగతి రాతపూర్వకంగా విడిగా అడగండి.

ప్రశ్న: నేను షాపులో ఉండగానే ఓనరు బిల్డింగ్ అమ్మేశాడు. ఖాళీ చేసి నాలుగు నెలలైంది. డిపాజిట్ నాకు ముట్టనే లేదంటాడు కొత్త ఓనరు. ఎవర్ని అడగాలి?

జవాబు: కొత్తాయన్నే అడగండి. డబ్బు ఆయనకి ముట్టిందా లేదా అన్నది వాళ్లిద్దరి గొడవ, మీది కాదు. 566ఏ సెక్షన్ ప్రకారం బిల్డింగ్‌తో పాటే ఆ బాధ్యతా కొన్నవాడికి వస్తుంది, ఇది షాపులకీ వర్తిస్తుంది. ఆయన దగ్గర రాబట్టలేకపోతే అప్పుడు పాతాయన కట్టాలి.

ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నది చట్టంలో లేదు, లెక్కలు చూసుకోవడానికి ఓనరుకి కొంత టైమ్ ఇస్తారు, చాలా సందర్భాల్లో అది మూడు నుంచి ఆరు నెలలు. మెయింటెనెన్స్ లెక్క ఇంకా తేలకపోతే దానికి సరిపడా కొంత పట్టుకోవచ్చు, మొత్తం పట్టుకుని కూర్చోవడం కుదరదు. గోడలు పాడయ్యాయి, ఫ్లోరింగ్ పోయింది అని రేపు లిస్టు తీయొచ్చు, కాబట్టి షాపు అప్పగించిన రోజు రాసుకున్న కాగితం, మీటర్ రీడింగులు, ఫొటోలు ఏవున్నాయో ఇప్పుడే వెతికి పెట్టుకుని, గడువు తేదీ వేసి కొత్త ఓనరుకి ఉత్తరం పంపండి.