బరిలో నిలిచినవారు జిమ్‌ను నిలబెట్టాలంటే...

ప్రశ్న: నా వయసు 27. పన్నెండో ఏట కరాటేతో మొదలుపెట్టి, తర్వాత కిక్‌బాక్సింగ్ పోటీల్లో పాల్గొన్నాను. భుజానికి గాయం కావడంతో ఇక పోటీలు మానేద్దామనుకుంటున్నాను. దాచుకున్న డబ్బుతో బాక్సింగ్ జిమ్ పెట్టాలని ఉంది. ఇంట్లోవాళ్లు ఉద్యోగం చూసుకోమంటున్నారు. పదిహేనేళ్ల అనుభవం సరిపోదా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఆలోచన మంచిదే, తొందర మాత్రం వద్దు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు, వేరొకరి బాక్సింగ్ జిమ్‌లో సహాయ కోచ్‌గా పనిచేయండి. మీకున్నది పోరాడిన అనుభవం. జిమ్‌కు కావలసింది నేర్పిన అనుభవం.

ముందు ఆట సంగతి చూద్దాం. కిక్‌బాక్సింగ్‌లో తల బాగా కిందికి వంచితే మోకాలో కాలో ముఖానికి తగులుతుంది కాబట్టి నిటారుగా నిలబడటం మీకు అలవాటై ఉంటుంది. బాక్సింగ్‌లో నడుము పైభాగాన్ని వంచి, తలను పక్కకు జరిపి దెబ్బ తప్పించుకోవడం రక్షణలో పెద్ద భాగం. దూరం వేరు, పాదాల మధ్య బరువు పంచుకునే తీరు వేరు. మీరు సరిదిద్దుకోని అలవాటు మీ శిష్యులందరికీ అంటుకుంటుంది. అందుకే కోచ్‌గా చేరినచోటే కొన్ని నెలలు విద్యార్థిగానూ ఉండండి.

ఇక నేర్పడం. మొదటిరోజు వచ్చే మనిషిని ఊహించుకోండి. బొటనవేలు లోపలపెట్టి పిడికిలి బిగిస్తాడు. ఊపిరి బిగపట్టి కొడతాడు. దెబ్బలు కొట్టించడానికి కోచ్ చేతికి తొడుక్కునే మెత్తటి ప్యాడ్ ఎదురుగా రాగానే కళ్లు మూసుకుంటాడు. 'జాబ్' (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ) అన్న మాట వినగానే మీ చేయి దానంతటదే వెళుతుంది. ఆ చేయి ఎలా వెళుతోందో, భుజం ఎప్పుడు కదులుతోందో, మడమ ఎందుకు లేస్తోందో అతనికి మాటల్లో చెప్పగలరా? ఒక మాట అర్థం కాకపోతే ఇంకో మాట ఉందా? నేర్పే విద్యంతా అక్కడే ఉంది. మహమ్మద్ అలీకి శిక్షణ ఇచ్చిన ఏంజెలో డండీ ప్రొఫెషనల్ బాక్సర్ కాడు. జిమ్‌లో పెద్ద కోచ్‌ల వెంట ఉంటూ, చూస్తూ నేర్చుకున్నాడు. మరో పేరున్న కోచ్ ఫ్రెడ్డీ రోచ్ మాత్రం బాక్సరే. అయినా 1986లో పోటీలు మానేశాక తన గురువు ఎడ్డీ ఫచ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, ఆ తర్వాతే 1995లో వైల్డ్ కార్డ్ జిమ్ తెరిచాడు.

జిమ్ గురించి నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది భద్రత గురించి. ఒక జిమ్‌లో నేను కళ్లారా చూసిన సంఘటన ఇది. స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఇద్దరూ తలపడేటప్పుడు, ఒక కుర్రాడికి కణతకు దెబ్బ తగిలింది. 'నాకేం కాలేదు' అంటూ రెండో రౌండుకు సిద్ధమయ్యాడు. ఊడిన గ్లవ్ పట్టీని బిగించుకోబోతే అది చేతికి చిక్కలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. అది గమనించిన కోచ్ ఒక్కమాటా అనకుండా వెళ్లి రెండు గ్లవ్స్ విప్పేశాడు. కుర్రాడికి కోపం వచ్చింది. కోచ్ అతని పక్కనే అరగంట కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి, బండి నడపనివ్వకుండా ఆస్పత్రికి పంపాడు. ఆ రోజు నుంచి నా దృష్టిలో కోచ్ అంటే ఆయనే.

అమెచ్యూర్ (వృత్తిగా కాకుండా ఆడే) పోటీల్లో తలకు తగిలిన దెబ్బతో నాకౌట్ అయినవారు కనీసం 30 రోజులు పోటీకి గానీ స్పారింగ్‌కు గానీ దిగకూడదు. మూడు నెలల్లో రెండుసార్లు అలా జరిగితే 90 రోజులు. పోటీలో రిఫరీ, డాక్టర్ ఉంటారు. మీ జిమ్‌లో ఆపే బాధ్యత మీ ఒక్కరిదే. తలకు పెట్టే హెడ్‌గార్డ్ చర్మం చిట్లడాన్ని తగ్గిస్తుంది కానీ లోపల మెదడు అదిరిపడటాన్ని ఆపలేదు. మీ దేశపు బాక్సింగ్ సంఘం ఇచ్చే కోచింగ్ సర్టిఫికెట్, ప్రథమ చికిత్స శిక్షణ, బీమా, ఈ మూడూ లేకుండా తలుపులు తెరవకండి.

డబ్బు లెక్క చిన్నదే. అద్దె, కరెంటు, బీమా, సహాయకుడి జీతం, మీ ఇంటి ఖర్చు కలిపి నెలకు ఎంతవుతుందో రాయండి. దాన్ని ఒక్కొక్కరి ఫీజుతో భాగిస్తే ఎంతమంది రావాలో తెలుస్తుంది. ఆ సంఖ్యలో పోటీలకు దిగేవారు కొద్దిమందే ఉంటారు. మిగిలినవారంతా ఆరోగ్యం కోసం, ధైర్యం కోసం వచ్చే ఉద్యోగులు, గృహిణులు, పిల్లలు. వారిని చిన్నచూపు చూసే జిమ్ నిలబడటం కష్టం. రింగు మీద మోజు ఉంటుంది, తెలుసు. అంతర్జాతీయ అమెచ్యూర్ పోటీల రింగు తాళ్ల లోపలే ఒక్కో వైపు 6.1 మీటర్లు ఉంటుంది. మొదట్లో నేల మీద టేపుతో గీసిన చదరం చాలు. పంచింగ్ బ్యాగులు వేలాడదీసే దూలాన్ని మాత్రం ఇంజనీరుకు చూపించండి. ఊగే బ్యాగు దాని బరువు కంటే ఎక్కువగా లాగుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, మీ ఇంట్లోవాళ్ల మాటకూ మీ కోరికకూ మధ్య దారి ఉంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో క్రాంక్ బాక్సింగ్ జిమ్‌కు పేరు తెచ్చిన ఇమాన్యుయెల్ స్టీవర్డ్ 1971లో అక్కడ పార్ట్‌టైమ్ కోచ్‌గా చేరేనాటికి విద్యుత్ సంస్థలో ఎలక్ట్రీషియన్. మీరూ పగలు ఉద్యోగం, సాయంత్రం కోచింగ్‌తో మొదలుపెట్టవచ్చు. దాచుకున్న డబ్బు అలాగే ఉంటుంది.

ఒక్క విషయం మీరు ఆలోచించినట్టు లేదు. కోచ్ రోజూ గంటల తరబడి ప్యాడ్లు పట్టాలి. వచ్చే ప్రతి దెబ్బనూ మోచేయి, భుజం భరించాలి. పోటీలు మాన్పించిన భుజం ఈ పనికి తట్టుకుంటుందా? ముందు ఎముకల వైద్యుడికి, ఫిజియోథెరపిస్టుకు ఈ ప్రశ్న సూటిగా వేయండి. వారు వద్దంటే ప్యాడ్లు పట్టే సహాయకుడి జీతం మొదటి నెల నుంచే మీ లెక్కలో చేరుతుంది. వారి జవాబు వచ్చాక మళ్లీ రాయండి, ఆ లెక్క కలిసి వేద్దాం.