మురుగు కాలువకు అర్జీ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. వీధి కాలువ పూడి మురుగంతా ఇళ్ల ముందే నిలుస్తోంది. పంచాయతీ కార్యదర్శిని అడిగినప్పుడల్లా ‘నిధులు లేవు, చూద్దాం’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నోటిమాటగా అడిగితే ఆఫీసులో దాని జాడ ఉండదు. తెల్లకాగితం మీద అర్జీ రాయండి. పేరు కాకుండా హోదా రాయండి, కార్యదర్శి బదిలీ అయినా వచ్చినవారు జవాబు చెప్పాల్సిందే. కాలువతోపాటు వీధిదీపం, పింఛను కలపకండి. వార్డు నంబరు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా, సుమారు ఎన్ని మీటర్లు పూడిందో రాసి ఫొటో జతచేయండి.

చాలామంది తప్పేది కోరిక దగ్గర. ‘పూడిక తీయించండి’ వేరు, ‘కొత్త కాలువ కట్టించండి’ వేరు. మొదటిది పంచాయతీ సిబ్బందితో అయ్యే పని. రెండోదానికి అంచనాలు వేయాలి, మంజూరు కావాలి. రెండూ ఒకే అర్జీలో పెడితే పూడిక పని కూడా మంజూరు కోసం ఆగిపోతుంది. ముందు పూడికే అడగండి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కదలిక లేకుంటే ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. నేరుగా ప్రజావాణికి వెళ్తే ఆ కాగితం తిరిగి కార్యదర్శి దగ్గరికే వస్తుంది. ముద్ర పడిన ప్రతి జత చేస్తే ఇన్నాళ్లూ ఏం చేశారని పైవాళ్లే ఆయన్ని అడుగుతారు.

ఇక ‘నిధులు లేవు’ అన్న మాట. సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు’ అని అడగకండి, అది సమాచారం కాదంటారు. రికార్డు అడగండి: గత ఆర్థిక సంవత్సరంలో పారిశుధ్యానికి వచ్చిన, ఖర్చయిన మొత్తాలు, నగదు పుస్తకం నకలు, ఫలానా తేదీ అర్జీపై తీసుకున్న చర్య. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. అది దాటితే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ప్రశ్న: సర్పంచ్‌కు వాట్సాప్‌లో ఫొటో పెడితే చాలదా?

జవాబు: పని అయిపోతే సంతోషమే. కాకపోతే ఆ మెసేజ్‌ ఏ రిజిస్టరులోనూ ఉండదు కాబట్టి అర్జీ కూడా ఇవ్వండి. గ్రామసభలో లేవనెత్తితే మాత్రం మినిట్స్ పుస్తకంలో రాశారో లేదో అక్కడే చూసుకోండి.