ప్రయోగశాల జంతువుల వైద్యం వైపు చూస్తున్న బిడ్డకు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

మామునూరు కళాశాలలో నీ ఇంటర్న్‌షిప్ పూర్తయిందని, రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు కూడా నమోదు చేయించుకున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఆ మరుసటి రోజే నీ ఉత్తరం అందింది. ప్రయోగశాల జంతువుల వైద్యంలో శిక్షణ ఎక్కడ దొరుకుతుందని, ఏ సర్టిఫికెట్‌కు విలువ ఎక్కువని అడిగావు. పదకొండేళ్లు దేవరకొండ, నకిరేకల్ ఆసుపత్రుల్లో బర్రెలకు, గొర్రెలకు వైద్యం చేసి, ఆ తర్వాత పందొమ్మిదేళ్లు హైదరాబాదులో ఎలుకల గదుల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు చేరబోయే చోట పశువైద్యుడు "ఈ జంతువు మీద ప్రయోగం ఇక్కడితో ఆపండి" అంటే ఆగుతుందో లేదో ముందు కనుక్కో. ఆగని చోట ఎంత పెద్ద యంత్రాలున్నా నువ్వు నేర్చుకునేది కాగితాల మీద సంతకం పెట్టడమే.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మన దేశంలో ఈ ఉద్యోగం ఎట్లా పుట్టిందో తెలియాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దానిలోని 15వ సెక్షన్ కింద ప్రయోగాల మీద పర్యవేక్షణకు ఒక కమిటీ ఉంది. ఇటీవల దాని పేరు సీసీఎస్‌ఈఏగా మారినా, మా తరం వాళ్ల నోట ఇంకా సీపీసీఎస్‌ఈఏ అనే వస్తుంది. 1998లో వచ్చిన నియమాల ప్రకారం జంతువుల మీద ప్రయోగాలు చేసే సంస్థ నమోదు చేయించుకోవాలి, జంతు నైతిక కమిటీని పెట్టుకోవాలి. ఆ కమిటీలో శాస్త్రవేత్తలతో పాటు శాస్త్రంతో సంబంధం లేని సామాజిక సభ్యుడు, కేంద్ర కమిటీ నియమించిన ప్రతినిధి, తప్పనిసరిగా ఒక పశువైద్యుడు ఉంటారు. అందువల్ల ప్రతి సంస్థకూ మనవాడొకడు కావాలి. అవసరం ఉంది కదా అని కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు, మాట విని నడుచుకునేవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు "పోయిన సంవత్సరం మీ పశువైద్యుడు ఎన్ని ప్రతిపాదనలకు మార్పులు చెప్పారు?" అని మర్యాదగానే అడుగు. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

ఇక నేర్చుకోవలసిన పని గురించి. ఐదున్నరేళ్ల చదువులో నీకు చెప్పినదాంట్లో చాలా భాగం బర్రె, ఆవు, గొర్రె, కోడి, కుక్క చుట్టూ తిరిగింది. ఎలుక గురించి విన్నది ఫార్మకాలజీ ప్రాక్టికల్‌లో నాలుగు మాటలే. అందుకే ఈ రంగంలోకి వచ్చే పశువైద్యుడికి మొదటి ఆరు నెలలు చేతులు కొత్తగా పుట్టినట్టు ఉంటాయి. జైలజిన్ అనే మత్తుమందు సంగతే తీసుకో. ఆవును నిలబెట్టి మత్తు ఇవ్వాలంటే మనం అర మిల్లీలీటరో, ఒక మిల్లీలీటరో వేసి, అది కూడా ఎక్కువైందేమోనని భయపడతాం. ఆవుకు కిలో బరువుకు 0.05 మిల్లీగ్రాములు కూడా పనిచేస్తుంది. చుంచెలుకకు కెటమిన్ అనే మరో మత్తుమందుతో కలిపి అదే జైలజిన్ కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇస్తాం, అంటే వంద రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అయితే ఆ ప్రాణి బరువు పాతిక గ్రాములే కాబట్టి సీసాలోని మందును నేరుగా సిరంజిలోకి తీస్తే కొలవడం అసాధ్యం, పలచన చేసుకోవలసిందే. రక్తం విషయమూ అంతే. పాతిక గ్రాముల చుంచెలుక ఒంట్లో ఉండేది రెండు మిల్లీలీటర్లకు లోపు రక్తం. దానికి హాని కలగకుండా ఒకసారి తీయదగినది అందులో పదో వంతు, అంటే దాదాపు రెండు వందల మైక్రోలీటర్లు, అది దాటితే ప్రమాదమే. శస్త్రచికిత్సకు ముందు మేత ఆపడం మనకు అలవాటు. ఎలుకలకు వాంతి రాదు, ఆకలితో మాత్రం త్వరగా నీరసిస్తాయి కాబట్టి ఆపనక్కరలేదు. మత్తులో ఉన్నప్పుడు వాటి ఒళ్లు చూస్తుండగానే చల్లబడుతుంది. కింద వెచ్చని పరుపు లేకపోతే కత్తి బాగా పడినా ప్రాణి దక్కదు. కంట్లో మలాము వేయడం మరచిపోతే లేచాక కన్ను పోతుంది.

నా పొరపాటు ఒకటి చెప్తాను. హైదరాబాదులో చేరిన మొదటి సంవత్సరంలోనే ఒక గదిలోని గినీ పిగ్‌లకు మెడ కింద గడ్డలు లేచాయి. గడ్డ కోసి చీము చూసి, స్ట్రెప్టోకోకస్ అయి ఉంటుందని సరిగ్గానే అనుకున్నాను. జిల్లాలో పదకొండేళ్లుగా చేసిన అలవాటుతో పెన్సిలిన్ ఇచ్చాను. నాలుగో రోజుకు విరేచనాలు పట్టుకున్నాయి, ఎనిమిదింటిలో ఆరు వరుసగా పోయాయి. గినీ పిగ్ పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులను పెన్సిలిన్ తుడిచిపెడితే క్లోస్ట్రీడియం అనే సూక్ష్మజీవి విజృంభించి విషం వదులుతుందని ఆ తర్వాత పుస్తకంలో చదివాను. దేవరకొండ గొర్రెల్లో చిటుకు రోగాన్ని వందల సార్లు చూసినవాణ్ణి, అదే కుటుంబపు సూక్ష్మజీవిని నా సిరంజితో నేనే లేపానని తెలిసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు అక్కడ నన్ను చెయ్యి పట్టి ఆపగలిగిన అనుభవజ్ఞుడు ఒక్కరూ లేరు. నీకు ఆ స్థితి రాకూడదనే, తప్పు చేస్తే పక్కనుండి దిద్దే మనిషి ఉన్న చోటే శిక్షణకు చేరమంటున్నాను.

అట్లాగే ఎలుక కంటి చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కనబడితే రక్తం కారుతోందని కంగారుపడకు. కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి వదిలే పార్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం అది. ఆందోళనలో ఉన్నా, జబ్బు చేసినా ఎలుక దాన్ని తుడుచుకోవడం మానేస్తుంది కాబట్టి బయటికి కనబడుతుంది. గాయం కాకపోయినా ఏదో సరిగా లేదని చెప్పే గుర్తు అది. ఇట్లాంటివి ఏ తరగతి గదిలోనూ పట్టుబడవు. పంజరం ముందు పొద్దున్నే పది నిమిషాలు కదలకుండా నిలబడేవాళ్లకే పట్టుబడతాయి.

ఇప్పుడు ఎక్కడ నేర్చుకోవాలో చెప్తాను. మనకు అందుబాటులో అన్నిటికన్నా పాత చోటు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ 1976లో ప్రయోగశాల జంతువుల సమాచార కేంద్రంగా మొదలైనదే తర్వాత జాతీయ కేంద్రంగా ఎదిగి, దేశమంతటి నుంచి వచ్చే టెక్నీషియన్లకు, సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చింది. వంశపారంపర్యంగా ఊబకాయం వచ్చే ఎలుకల వంశం ఒకటి అక్కడే బయటపడింది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ స్థాయి జంతు వనరుల కేంద్రాన్ని నెలకొల్పింది, శిక్షణ ఇవ్వడం దాని బాధ్యతల్లో ఒకటి. డాక్టరునై ఉండి టెక్నీషియన్ల పక్కన కూర్చోవాలా అని నీ బ్యాచ్ పిల్లలు అంటారు, వాళ్లను పట్టించుకోకు. ఎలుకను తోక పట్టి ఎత్తకుండా గొట్టంలోకి పోనిచ్చో, రెండు అరచేతుల్లోకి తీసుకునో ఎత్తితే దాని భయం తగ్గుతుందని 2010లో శాస్త్రీయంగా రుజువైంది. కానీ ఆ పని చేతికి అబ్బేది టెక్నీషియన్ పక్కన నిలబడ్డప్పుడే.

పీజీ చేయాలనుకుంటే మద్రాసులో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయానికి మాధవరంలో ప్రయోగశాల జంతు వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. మన రాజేంద్రనగర్‌లోనే చేయాలనుకుంటే పాథాలజీ తీసుకోమంటాను. కారణం ఏమిటంటే, మన ఇంటి చుట్టూ, చౌటుప్పల్ వైపూ జడ్చర్ల దగ్గరి పోలేపల్లి వైపూ మందుల పరిశ్రమలు విస్తరించాయి. మందు మనుషులకు చేరే ముందు జంతువుల్లో విషప్రభావం చూసే పరీక్షలకు కణజాలం చదవగలిగిన పశువైద్యుడు ఎప్పుడూ తక్కువే. అట్లాంటి పరీక్షలు చేసే చోట జీఎల్‌పీ, అంటే ప్రతి పనినీ నియమం ప్రకారం చేసి రికార్డు రాసే ప్రయోగశాల పద్ధతి, అలవాటవుతుంది. భారతదేశం 2011 నుంచి ఓఈసీడీ అనే ఆర్థిక సహకార సంస్థలోని దేశాలతో పరీక్షల ఫలితాలను పరస్పరం అంగీకరించే ఒప్పందంలో పూర్తి భాగస్వామి కాబట్టి, ఇక్కడ సరిగ్గా రాసిన ఒక నివేదిక ఐరోపాలోనూ చెల్లుతుంది. అక్కడి క్రమశిక్షణ విసుగు పుట్టిస్తుంది. గదిలో తేమ ఎంతుందో రోజూ రాయాలి, తప్పు రాస్తే చెరపకుండా గీత కొట్టి సంతకం, తేదీ వేయాలి. నాకు మొదట్లో గుమాస్తా పనిలా అనిపించింది. ఒకసారి ఎలుకల పిల్లలు వరుసగా చనిపోతుంటే, ఏ రాత్రి నుంచి ఏసీ సరిగా నడవలేదో ఆ రికార్డే పట్టించింది.

విదేశాల సంగతి కూడా అడిగావు. అమెరికాలో ఈ శాఖకు 1957లోనే కళాశాల ఏర్పడింది, ఏసీఎల్‌ఏఎం అంటారు. ఐరోపాది 2000లో వచ్చింది. కళాశాల అన్నారు కదా అని తరగతులుంటాయని అనుకోకు. అవి నిపుణుల సంఘాలు. గుర్తింపు పొందిన రెసిడెన్సీలో రెండు మూడేళ్లు పనిచేసి, నీ పేరు మొదట ఉన్న పరిశోధన వ్యాసం ప్రచురించి, కఠినమైన పరీక్ష రాస్తే ఆ సంఘపు సభ్యత్వం దొరుకుతుంది. అమెరికాలో వైద్యం చేసే లైసెన్సు కావాలంటే విదేశీ పట్టభద్రుల కోసం పెట్టిన ఈసీఎఫ్‌వీజీ మెట్లు వేరుగా ఎక్కాలి, దానికి డబ్బూ ఓపికా రెండూ కావాలి. ఇక్కడ మూడేళ్లు చేతినిండా పని చేశాకే ఆ ఆలోచన పెట్టుకో. ఐరోపాలోని ప్రయోగశాల జంతు శాస్త్ర సంఘాల సమాఖ్య అయిన ఫెలాసా గుర్తింపు ఉన్న కోర్సులు పొట్టివి. అవి ప్రయోగం చేసేవాళ్లకు, రూపొందించేవాళ్లకు, జంతువులను చూసుకునేవాళ్లకు, వాటి ప్రాణం తీసేవాళ్లకు వేరువేరుగా ఉంటాయి.

ప్రాణం తీయడం అన్న మాట వచ్చింది కాబట్టి దాచను. చాలా ప్రయోగాల చివర ఆ జంతువు బతకదు. బాధ లేకుండా, పక్క పంజరంలోని జంతువు కంటపడకుండా ఆ పని జరిగేలా చూసే బాధ్యత నీదే. రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో చెప్పిన మూడు సూత్రాలు, అంటే వీలైతే జంతువు లేకుండా చేయడం, తక్కువ జంతువులతో చేయడం, బాధ తగ్గించి చేయడం, నువ్వు పరీక్ష కోసం చదివే ఉంటావు. మన దేశం దానికి పునరావాసం అనే నాలుగోదాన్ని చేర్చింది. ప్రయోగం ముగిసిన కుక్కలను ఇళ్లకు పంపగలిగిన రోజున పని చేసిన తృప్తి వేరుగా ఉంటుంది. మీ నాయనమ్మకు ఈ ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఎలుకలకు వైద్యం అని చెప్పు, అంతకు మించి వివరించకు.

కొత్త చట్టాలు జంతువులు లేని పరీక్షలను ఒప్పుకుంటున్నాయి కదా, ఈ ఉద్యోగం ఉంటుందా అని మీ నాయన భయపడుతున్నాడు. 2023లో మన దేశపు కొత్త మందుల నియమాల్లో అట్లాంటి సవరణ వచ్చిన మాట నిజమే. జంతువుల సంఖ్య తగ్గాలి, తగ్గుతుంది కూడా. మిగిలిన వాటిని బాగా చూడగలిగినవాళ్ల అవసరం మాత్రం నీ సర్వీసు పూర్తయ్యేలోపు తీరదని నా అంచనా.

ఒక్కటి మాత్రం మరవకు. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది. ఎలుకల మూత్రంలోని ప్రొటీన్లకు చాలామందికి అలర్జీ పుడుతుంది, మొదట తుమ్ములతో మొదలై ఆయాసం దాకా పోతుంది. దరఖాస్తు పెట్టకముందే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకో. ఎంత తీరిక లేకపోయినా మాస్కు, గౌను లేకుండా ఆ గదుల్లో అడుగుపెట్టనని నాకు మాట ఇవ్వు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. మన వెనుక వీధిలో కుందేళ్లు పెంచేవాళ్లున్నారు, వాళ్లతో మాట్లాడి ఉంచాను. కుందేలును ఎత్తేటప్పుడు వెనుక కాళ్లకు ఆధారం ఇవ్వకపోతే అది ఒక్కసారి తన్నుకుని తన నడుమే తాను విరగ్గొట్టుకుంటుంది. ఆ పట్టు ఎట్లాగో నీ చేతుల్లో పెట్టి చూపిస్తాను, ఇరవై సార్లు ఎత్తి దించేదాకా టీ ఇవ్వను. గోళ్లు కత్తిరించుకుని రా. గ్లౌజుల సైజు ముందే చెప్పు, నా దగ్గర ఉన్నవన్నీ ఏడున్నర.

ఇట్లు,
నీ పెద్దనాయన