రోమ్‌లో ఒక్క రోజే ఉంటే పాంథియన్‌కి ఏ టైమ్‌లో వెళ్ళాలి?

రద్దీ తక్కువని పొద్దున్నే వెళ్ళాలా అని అడిగారు. ఎండ ఉన్న రోజైతే మధ్యాహ్నమే వెళ్ళండి, జనం ఉన్నా సరే. పాంథియన్ అంటే పాతకాలపు రోమన్ గుడి, దానికి కిటికీల్లేవు. తలుపు మూస్తే, గుమ్మటం నడిమధ్యన దాదాపు 9 మీటర్ల వెడల్పున్న గుండ్రటి రంధ్రమే వెలుతురుకి దారి. అందులోంచి పడే ఎండ ఒక పెద్ద బిళ్ళలా గోడ మీద జరుగుతూ పోతుంది. దాన్ని చూడకుండా వస్తే సగం పాంథియన్ చూసినట్టే.

వేసవిలో అక్కడి గడియారాలు గంట ముందుంటాయి కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటి గంట దాటుతుంది. 12:45కి లోపల ఉండేలా టికెట్ తీసుకోండి. మే, జూన్, జూలైల్లో ఎండ నేలదాకా దిగుతుంది. డిసెంబర్లో గుమ్మటం లోపలివైపు చెక్కిన చదరపు గళ్ళ మీదే ఆగిపోతుంది. ఏప్రిల్ 21న, రోమ్ పుట్టినరోజుగా జరుపుకునే రోజు, సరిగ్గా వాకిలి మీద పడుతుంది.

2023 జూలై నుంచి టికెట్ పెట్టారు, మొదలుపెట్టినప్పుడు 5 యూరోలు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంల సైట్‌లోనే కొనండి. బయటి సైట్లు ఆడియో గైడ్ కలిపి ఎక్కువకి అంటగడతాయి. 18 ఏళ్ళలోపు వాళ్ళకి ఉచితం. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితమే, అందుకే ఆ రోజు క్యూ భయంకరం. 609 నుంచి ఇది చర్చి. ప్రార్థన జరిగేటప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళని లోపలికి పంపరు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి.

పైనుంచి వాన లోపలికి పడదని కొందరు చెబుతారు, నమ్మకండి. పడుతుంది. రంధ్రం కింద పాలరాతి నేలలో చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి, వంగి చూడండి, నీళ్ళు పోయేది వాటిలోంచే. వాన రోజు అక్కడ జారుతుంది.

గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి రంధ్రం దాకా ఎత్తూ అంతే. ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. అడుగున 6 మీటర్ల మందం, పైన మీటరు పైచిలుకు. పైకి వెళ్ళేకొద్దీ కాంక్రీటులో తేలికరాయి కలిపారు, చివర్లో ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వతపు రాయి. బరువు అలా తగ్గించబట్టే దాదాపు 1900 ఏళ్ళుగా నిలబడింది.

బయట చెక్కిన పేరు అంతకుముందు అక్కడ గుడి కట్టించిన అగ్రిప్పాది, ఇప్పుడున్నది కట్టింది మాత్రం హాడ్రియన్ చక్రవర్తి కాలంలో. ముందు వసారాలో ఈజిప్టు గ్రానైట్ స్తంభాలు 16. ఎదురుగా నిలబడితే మీ ఎడమవైపున్న మూడు 17వ శతాబ్దంలో మార్చినవి. మూల స్తంభం తలమీద తేనెటీగ చెక్కి ఉంటుంది, అది అప్పటి పోప్ బార్బెరీని వంశపు గుర్తు.

దగ్గర్లో మెట్రో లేదు. తెర్మిని రైల్వే స్టేషన్ నుంచి 40 లేదా 64 బస్సెక్కి లార్గో అర్జెంటీనాలో దిగి నడవండి. 64లో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకి వేసుకోండి.